అంచుల్లో రంగు తిరిగే వైడ్ లెన్స్: ఎల్‌సీసీ పని డైరీ

సెటప్

బిల్డింగుల ఫొటోలకు నేను వాడేది ఒక టెక్నికల్ కెమెరా (లెన్స్‌కు అడ్డంగా సెన్సర్‌ను జరుపుకోగలిగేది), 35 మి.మీ. సిమెట్రికల్ వైడ్ లెన్స్, వెనక 50 మెగాపిక్సెళ్ల డిజిటల్ బ్యాక్, అంటే సెన్సర్ ఉండే విడి పెట్టె. సెన్సర్ 43.8×32.9 మి.మీ. సీమాస్, 2014లో మీడియం ఫార్మాట్‌లోకి వచ్చిన తరానిది. లెన్స్ ఇమేజ్ సర్కిల్, అంటే అది వేసే గుండ్రటి బొమ్మ వ్యాసం, 90 మి.మీ. కాబట్టి బ్యాక్‌ను ఎడమకు 15, కుడికి 15 జరిపి రెండు ఫ్రేములు తీసి కలిపితే 73.8 మి.మీ. వెడల్పు వస్తుంది. మూలలు అప్పటికీ సర్కిల్ లోపలే ఉంటాయి. గోడల గీతలు గీతల్లాగే వస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో నిటారు చేసే పని ఉండదు.

చిక్కు రంగుతోనే. ఒకవైపు జరిపి తెల్లగోడ తీస్తే బయటి అంచు ఆకుపచ్చకు తిరుగుతుంది. రెండోవైపు జరిపితే మెజెంటాకు తిరుగుతుంది. ఏ వైపు ఏ రంగన్నది సెన్సర్ కట్టుబడిని బట్టి మారుతుంది, నా బ్యాక్‌లో మాత్రం ఇలా. దీనికి మందు అందరికీ తెలిసిందే: లెన్స్ ముందు తెల్లటి డిఫ్యూజర్ పెట్టి ఇంకో షాట్ తీయడం, దాన్ని చూపించి సాఫ్ట్‌వేర్‌తో దిద్దించడం. ఆ తెల్లటి షాట్‌ను ఇక్కడ ఫ్లాట్ అంటాను. ఫొటో సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ వన్‌లో ఈ దిద్దుబాటు పేరు ఎల్‌సీసీ (లెన్స్ కాస్ట్ క్యాలిబ్రేషన్). లైట్‌రూమ్ క్లాసిక్‌లో 2019 నుంచి ఫ్లాట్-ఫీల్డ్ కరెక్షన్ లోపలే ఉంది. రాథెరపీలోనూ ఉంది, ఉచితం కూడా.

అవన్నీ ఉండగా సొంతంగా మొదలుపెట్టడానికి కారణం ఒక ఇటుక గోడ. ఎల్‌సీసీ వేశాక పక్కనున్న సిమెంటు గోడ చక్కగా బూడిద రంగుకు వచ్చింది. ఇటుక మాత్రం ఫ్రేము మధ్యలో ఒక ఎరుపు, అంచులో ఇంకో ఎరుపు. అంచుది వెలిసిపోయినట్టుంది. దాన్ని వంద శాతానికి పెంచి చూస్తే సన్నటి అల్లికలాంటి గీతలు కూడా కనిపించాయి. తెల్లగోడకు పనిచేసిన మందు ఇటుకకు ఎందుకు పనిచేయలేదన్నదే ఈ ప్రాజెక్టు.

ముందు లెక్క

సిమెట్రికల్ లెన్స్‌లో వెనక గ్లాసు సెన్సర్‌కు బాగా దగ్గరగా కూర్చుంటుంది. 1954 నాటి హాసెల్‌బ్లాడ్ సూపర్‌వైడ్ మీదున్న 38 మి.మీ. బయోగాన్ కూడా ఈ కుటుంబమే. ఫిల్ముకు కాంతి కాస్త వాలుగా పడ్డా పట్టింపు లేదు. సెన్సర్‌కు ఉంది.

15 మి.మీ. షిఫ్ట్‌లో బయటి అంచు సర్కిల్ మధ్య నుంచి 36.9 మి.మీ. దూరంలో ఉంటుంది. లెన్స్ 35 మి.మీ. కాబట్టి అక్కడ కిరణం సుమారు 46.5 డిగ్రీలు వాలి వస్తుంది. అంచుకు చేరే వెలుతురు కోసం ఆ కోణం కొసైన్‌కు నాలుగో ఘాతం వేస్తే, మధ్యతో పోలిస్తే 0.22. అంటే రెండు స్టాపులకు (ఒక స్టాపు అంటే వెలుతురు సగం కావడం) కాస్త పైనే చీకటి. ఇది వెలుతురు తగ్గడం ఒక్కటే, అన్ని రంగులకూ సమానం. దీనికి మధ్యలో ముదురుగా ఉండే సెంటర్ ఫిల్టర్ పెట్టుకోవచ్చు. రంగు తేడాకు మాత్రం సెంటర్ ఫిల్టర్ ఏమీ చేయదు.

రంగు తేడాకు రెండు కారణాలున్నాయి. సెన్సర్ ముందుండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఫిల్టర్ ఇంటర్‌ఫరెన్స్ రకమైతే, అంటే పలుచటి పూతలతో ఆపేదైతే, కిరణం వాలేకొద్దీ దాని కోత పొట్టి తరంగాల వైపు జరుగుతుంది. దాంతో అంచుల్లో రెడ్ తగ్గి సయాన్ ఛాయ వస్తుంది. ఇది మధ్య నుంచి అన్ని వైపులకూ ఒకేలా ఉంటుంది.

అసలు బెడద రెండోది, క్రాస్‌టాక్. ఈ తరం సెన్సర్లలో కాంతిని పట్టే ఫొటోడయోడ్ అడుగున ఉంటుంది, దానిపైన వైరింగ్ పొరలు, ఆపైన కలర్ ఫిల్టర్, అన్నిటికంటే పైన మైక్రోలెన్స్. బావిలోకి సాయంత్రపు ఎండ పడ్డట్టే, వాలుగా వచ్చిన కాంతి అడుగుకు చేరకుండా గోడకు తగులుతుంది. అందులో కొంత పక్క పిక్సెల్‌లోకి జారుకుంటుంది. రెడ్ ఫిల్టర్ దాటి వచ్చిన కాంతి పక్కనున్న గ్రీన్ పిక్సెల్ ఖాతాలో పడుతుంది. రెడ్ కాంతి సిలికాన్‌లో లోతుకంటా వెళ్లాకగానీ ఇంకదు కాబట్టి ఈ లీకు రెడ్‌కు ఎక్కువ, బ్లూకు తక్కువ.

వైరింగ్‌ను కిందికి పంపేసిన బ్యాక్-ఇల్యూమినేటెడ్ సెన్సర్లు, అంటే 3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న 100, 150 మెగాపిక్సెల్ తరం వచ్చాక ఈ గొడవ చాలావరకు తగ్గింది. రెట్రోఫోకస్ వైడ్ లెన్స్ పెట్టుకున్నా తగ్గుతుంది, ఎందుకంటే అందులో కిరణాలు సెన్సర్ మీద కాస్త నిటారుగా పడతాయి. బదులుగా బరువు, డిస్టార్షన్ వస్తాయి. ‘బ్యాక్ మార్చేస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకు?’ అనొచ్చు. ఇప్పటికే ఈ బ్యాక్‌తో తీసిన రా ఫైళ్లు (సెన్సర్ అంకెల్ని ఉన్నవున్నట్టు దాచేవి) హార్డ్‌డిస్కుల నిండా ఉన్నాయి, వాటిని మళ్లీ తీయడం కుదరదు.

ఫ్లాట్ తీయడం

డిఫ్యూజర్‌కు 3 మి.మీ. ఓపల్ అక్రిలిక్ వాడుతున్నాను, పాల రంగుది. లెన్స్ ముందు అంచుకు ఆనించి పట్టుకోవాలి. రెండు వేళ్ల దూరంలో పట్టుకుంటే పక్క వెలుతురు దూరిపోయి ఒక మూల పాలిపోతుంది. వైడ్ లెన్స్ కాబట్టి వేళ్లు ఫ్రేములోకి వచ్చేస్తాయి. అందుకే ముక్కను లెన్స్ కంటే బాగా పెద్దదిగా కోయించాను.

వెలుతురు సమంగా ఉందో లేదో కంటికి తెలియదు. దానికి ఒక చిట్కా ఉంది. ఒక ఫ్లాట్ తీసి, అక్రిలిక్‌ను ఉన్నచోటే 180 డిగ్రీలు తిప్పి ఇంకోటి తీసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. లెన్స్ వల్ల వచ్చినదంతా కొట్టుకుపోతుంది. మిగిలినది అక్రిలిక్ లోపం. అక్రిలిక్‌ను కదపకుండా కెమెరా మొత్తాన్ని ఇంకోవైపు తిప్పి తీస్తే వెలుతురు లోపం బయటపడుతుంది. నీడలో ఉండి ఆకాశం వైపు చూపితే ఫలితం బాగుంది. గదిలో ఎల్‌ఈడీ లైటు కింద, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే అడ్డచారలు పడ్డాయి, ఆ ఫ్లాట్లు పనికిరావు.

ఎక్స్‌పోజర్ విషయంలో, మధ్యలో గ్రీన్ నిండకుండా, అలాగని సగానికి తగ్గకుండా చూసుకుంటాను. అంచు ఎలాగూ రెండు స్టాపులు కిందికి పోతుంది, అక్కడ నాయిస్ ఉంటే ఆ నాయిస్‌తోనే అసలు ఫొటోను భాగించినట్టవుతుంది. అందుకే కొన్ని ఫ్లాట్లు వరసగా తీసి సగటు కడతాను.

ప్రతి ఫొటోకూ వేరే ఫ్లాట్ కావాలా అన్నది ఎప్పుడూ ఉండే ప్రశ్న. షిఫ్ట్ మారితే కావాల్సిందే, అందులో వాదన లేదు. ఎపర్చర్ మారితే కూడా తీయడం మంచిది, ఎఫ్/8, ఎఫ్/11కు వేరువేరుగా పెట్టుకున్నాను. ఫోకస్ అంత ముఖ్యం కాదు. 2 మీటర్ల దూరానికి ఈ లెన్స్ ముందుకు జరిగేది 0.62 మి.మీ. మాత్రమే, ఆ తేడాతో కోణం పెద్దగా మారదు. కాబట్టి ఇన్ఫినిటీ ఫ్లాట్ ఒక్కటే అన్నిటికీ వాడుతున్నాను. దగ్గరి వస్తువులు తీసేవాళ్లకు ఇది వర్తించదు.

స్క్రిప్ట్

పైథాన్‌లో రాపై, నంపై అనే లైబ్రరీలు. రాపై లోపల రా ఫైళ్లు చదివే లిబ్‌రా ఉంటుంది. రా డేటాను డీమొజాయిక్ (ఒక్కో పిక్సెల్‌కు లేని రంగుల్ని పక్కవాటి నుంచి నింపడం) కాకముందే చేతికిస్తుంది, అందులో అంకెలు మార్చి మళ్లీ దానికే ఇస్తే మిగతా పని అది చూసుకుంటుంది. ఈ ప్రాజెక్టుకు కావలసింది సరిగ్గా అదే.

పని వరస మామూలే. ఫొటో నుంచి, ఫ్లాట్ నుంచి బ్లాక్ లెవల్ (చీకట్లో కూడా సెన్సర్ చూపే అంకె) తీసెయ్యాలి. ఫ్లాట్‌ను బేయర్ గడుల (పిక్సెళ్ల మీద రంగు ఫిల్టర్ల అమరిక) ప్రకారం నాలుగు ముక్కలు చేయాలి, ఒక్కోదాన్ని బ్లర్ చేసి మధ్య విలువను దానితో భాగిస్తే ఒక్కో గెయిన్ మ్యాప్, అంటే ఎక్కడ ఎంత పెంచాలో చెప్పే పటం, వస్తుంది. ఫొటోలోని ఆయా పిక్సెళ్లను దానితో గుణించాలి. బ్లాక్ లెవల్ తీయకుండా చేస్తే వెలుతురు భాగాలు బాగానే కనిపిస్తాయి, నీడల్లో మాత్రం రంగు అలాగే ఉండిపోతుంది. ఫలితం చూస్తే ఎల్‌సీసీ సగమే పనిచేసినట్టనిపిస్తుంది.

నాలుగు ముక్కలు ఎందుకు, రంగులు మూడే కదా అంటే, ఇక్కడే విషయం ఉంది. బేయర్‌లో ఒక వరస రెడ్, గ్రీన్, రెడ్, గ్రీన్ అని పోతుంది. దాని కింది వరస గ్రీన్, బ్లూ, గ్రీన్, బ్లూ. రెడ్ వరసలోని గ్రీన్‌కు పక్కింటివాళ్లు రెడ్, బ్లూ వరసలోని గ్రీన్‌కు బ్లూ. కాంతి పక్కకు వాలినప్పుడు మొదటి గ్రీన్‌లోకి రెడ్ కారుతుంది, రెండోదాంట్లోకి బ్లూ. రెండూ పేరుకే గ్రీన్, అంచుల్లో చూపించే అంకెలు వేరు. డీమొజాయిక్ ఆ రెండిటినీ ఒకటే అనుకుని చెక్కుతుంది, అప్పుడే ఆ అల్లిక గీతలు వస్తాయి. రాథెరపీలో గ్రీన్ ఈక్విలిబ్రేషన్, లిబ్‌రాలో నాలుగు రంగులుగా లెక్కగట్టే ఆప్షన్ ఉన్నది ఇలాంటి తేడా కోసమే.

హైలైట్ల దగ్గర జాగ్రత్త అవసరం. అంచులో గెయిన్ నాలుగు రెట్లు దాటుతుంది. ఫైలులో వైట్ లెవల్‌ను (నిండిన పిక్సెల్ అంకె) అలాగే ఉంచి గుణిస్తే, సెన్సర్ నిండకపోయినా అంచులోని ఆకాశం నిండిపోయినట్టు తెగిపోతుంది. నా ఫైళ్లలో 14 బిట్ల డేటా 16 బిట్ల పెట్టెలో ఉంటుంది, అంటే పైన రెండు స్టాపుల ఖాళీ ఉంది, చాలావరకు అది చాలు. అంకెల్ని అందులోకి ఎదగనిచ్చి, సాచురేషన్ హద్దు కొత్తగా చెబుతున్నాను. నిజంగా నిండిపోయిన పిక్సెళ్లను ముందే గుర్తుపెట్టుకుని చివర్లో తెలుపు చేయాలి. లేకపోతే నాలుగు గెయిన్లూ వేరు కాబట్టి తెల్లటి మబ్బు అంచు గులాబీ రంగులో తేలుతుంది.

దుమ్ము మచ్చల్ని ఫ్లాట్‌తో తీసే పని పెట్టుకోలేదు. బ్లర్ చేస్తే ఆ సమాచారం ఎలాగూ పోతుంది.

ఇటుక లెక్క

నాలుగు మ్యాపులు వేశాక తెల్లగోడ మీద అల్లిక పూర్తిగా పోయింది. ఇటుక మీద పోలేదు. కాగితం మీద లెక్క వేస్తే కారణం దొరికింది.

అంచులో ప్రతి పిక్సెల్ నుంచి 10 శాతం పక్కదానిలోకి కారుతోందనుకుందాం. అంకె ఊహించిందే, లెక్క తేలిగ్గా ఉండడానికి. తెల్లటి ఫ్లాట్‌లో నిజమైన విలువలు రెడ్ 500, గ్రీన్ 1000, బ్లూ 700 అనుకుంటే, సెన్సర్ చూపేది రెడ్ 550, రెడ్ వరస గ్రీన్ 950, బ్లూ వరస గ్రీన్ 970. ఫ్లాట్ ఏం చెబుతుందంటే, రెడ్‌ను 0.909తో గుణించు, మొదటి గ్రీన్‌ను 1.053తో, రెండో గ్రీన్‌ను 1.031తో. తెలుపుకు సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు ఇటుక. నిజమైన విలువలు రెడ్ 1000, గ్రీన్ 300, బ్లూ 200. కారిన తర్వాత రెడ్ 930, మొదటి గ్రీన్ 370, రెండో గ్రీన్ 290. వీటికి ఫ్లాట్ గెయిన్ వేస్తే రెడ్ 845, మొదటి గ్రీన్ 390, రెండో గ్రీన్ 299.

నిజంలో రెడ్ గ్రీన్‌కు 3.33 రెట్లు. లీకు తర్వాత, మొదటి గ్రీన్‌తో పోలిస్తే 2.51 రెట్లకు పడింది. ఎల్‌సీసీ వేశాక 2.17. దిద్దుబాటు ఇటుకను ఇంకొంచెం వెలవెలబోయేలా చేసింది! పైగా రెండు గ్రీన్‌ల మధ్య 30 శాతం తేడా మిగిలింది, అల్లిక గీతలు పోకపోవడానికి అదే కారణం.

క్రాస్‌టాక్ అనేది కూడిక. ఎంత కూడుతుందన్నది పక్క పిక్సెల్‌లో ఏముందన్న దాన్నిబట్టి ఉంటుంది, అంటే సీన్ రంగును బట్టి. ఎల్‌సీసీ చేసేది గుణకారం. తెల్లటి సీన్‌కు మాత్రమే రెండూ ఒకచోట కలుస్తాయి. ముదురు రంగుల దగ్గర కలవవు. వెలుతురు తగ్గడాన్ని, ఐఆర్ ఫిల్టర్ ఛాయను గుణకారంతో దిద్దడం సబబే. లీకును ముందు తీసివేతతో వెనక్కి రాబట్టాలి, ఆ తర్వాతే ఫ్లాట్ వేయాలి. ఫ్లాట్‌కూ అదే వరస, దాని లీకు కూడా ముందు తీయాలి.

పై అంకెలతోనే సరిచూద్దాం. నిజమైన రెడ్ కావాలంటే 930ని 0.9తో గుణించి, అందులోంచి 370లో పదో వంతు తీసి, 0.8తో భాగించాలి. 837 లోంచి 37 పోతే 800, దాన్ని 0.8తో భాగిస్తే 1000. రెడ్ తిరిగి వచ్చేసింది. తీసివేత వల్ల నాయిస్ పెరుగుతుందని టెన్షన్ ఉండేది. 10 శాతం లీకుకు నాయిస్ పెరిగేది 13 శాతమే. వెలుతురు తగ్గినందుకు ఎలాగూ నాలుగున్నర రెట్లు పెంచుతున్న చోట ఇది లెక్కలోకి రాదు.

లీకు కొలత

ఎంత కారుతోందో కొలవడానికి బేయర్ దారే వాడుకున్నాను. రాటెన్ 25 రెడ్ ఫిల్టర్‌ను డిఫ్యూజర్ ముందు పెట్టి ఫ్లాట్ తీస్తే బ్లూ పిక్సెళ్లు దాదాపు చీకటిగా ఉంటాయి. అప్పుడు బ్లూ వరస గ్రీన్‌లోకి పక్కనుంచి కారడానికి ఏమీ లేదు, రెడ్ వరస గ్రీన్‌లోకి మాత్రం రెడ్ కారుతూనే ఉంటుంది. మొదటి గ్రీన్ నుంచి రెండో గ్రీన్ తీసేసి రెడ్‌తో భాగిస్తే ఆ చోట లీకు ఎంతో వచ్చేస్తుంది. గ్రీన్ ఫిల్టర్ సొంతంగా కొంత రెడ్‌ను దాటనిస్తుంది కదా అన్న సందేహం అక్కర్లేదు, అది రెండు గ్రీన్‌లకూ సమానమే కాబట్టి తీసివేతలో పోతుంది. బ్లూ లీకుకు రాటెన్ 47 బ్లూ ఫిల్టర్ పెట్టి ఇదే పని తిరగేసి చేయాలి. గ్రీన్ నుంచి రెడ్, బ్లూలలోకి కారేదానికి రాటెన్ 58 గ్రీన్ ఫిల్టర్.

మ్యాపులు గీసి చూస్తే మధ్యలో చదునుగా ఉండి, బయటి అంచుకు వెళ్లేకొద్దీ లేచాయి. రెడ్ మ్యాప్ బ్లూ కంటే నిటారుగా లేచింది. సిలికాన్ లోతు గురించి పైన చెప్పినదానికి ఇది సరిపోతోంది. కుడి, ఎడమ ఒకేలా లేవు కాబట్టి ఒకదాన్ని తిరగేసి రెండోదానికి వాడుకునే వీలు లేదు.

పరీక్ష

రెండు షిఫ్ట్ ఫ్రేముల్ని కలిపి అతుకు ఎలా ఉందో చూడడం చాలామంది చేసే పరీక్ష. దాన్ని నేను నమ్మను. కలిసే భాగం సర్కిల్ మధ్యలో ఉన్న 13.8 మి.మీ. పట్టీ, అక్కడ రెండు ఫ్రేముల్లోనూ కిరణాలు దాదాపు నిటారుగానే పడతాయి. ఎల్‌సీసీ సరిగా లేకపోయినా అతుకు బాగానే కనిపిస్తుంది. అసలు తేడా ఉండేది బయటి కొసల్లో, వాటిని పోల్చడానికి పక్కన ఏమీ ఉండదు.

అందుకని 24 రంగు గడుల కలర్‌చెకర్ కార్డును నీడలో ఒకచోట కదలకుండా పెట్టాను. మధ్యలో పడేలా ఒకటి, కెమెరాను తిప్పి అదే కార్డు బయటి అంచులో పడేలా ఇంకోటి. కార్డు మీది వెలుతురు మారదు, మారేది కిరణం కోణం ఒక్కటే. అంచులో కార్డు సాగినట్టు కనిపిస్తుంది, గడి మధ్య సగటు తీసుకుంటాం కాబట్టి ఫర్వాలేదు.

ఎల్‌సీసీ ఒక్కటే వేసినప్పుడు బూడిద గడులు ఆరూ కుదిరాయి. ఎరుపు, నారింజ గడులు బాగా వెనకబడ్డాయి. లీకు తీసి తర్వాత ఫ్లాట్ వేస్తే ఎరుపు గడి మధ్య ఫ్రేములోని ఎరుపుకు దగ్గరగా వచ్చింది, ఇటుక గోడ మీద అల్లిక మాయమైంది. ముదురు నీలం గడి ఇంకా కాస్త వెలిసినట్టే ఉంది. రాటెన్ 47 చాలా ముదురు ఫిల్టర్, దాని ఫ్లాట్ అంచుల్లో సిగ్నల్ పల్చగా ఉంది. ఎక్స్‌పోజర్ బాగా పెంచి ఆ సెట్ మళ్లీ తీయాలి.

ఇప్పుడున్న చోటు

పక్క షిఫ్ట్‌లకు ఎఫ్/11లో పూర్తి సెట్ సిద్ధంగా ఉంది. ఫోల్డర్ పేరులో షిఫ్ట్, దిశ, ఎపర్చర్ ఉంటాయి. స్క్రిప్ట్ ఆ పేరు చూసి మ్యాప్ ఎంచుకుంటుంది. టెక్నికల్ కెమెరాలో షిఫ్ట్ ఎంతో రా ఫైలులో రాసి ఉండదు కాబట్టి, తీసేటప్పుడే నోట్ చేసుకోవాల్సి వస్తోంది. పాత ఫైళ్లలో నోట్ లేనివాటికి, అప్పుడు తీసిన తెల్లటి ఫ్లాట్ చీకటి ఎటు ఎక్కువుందో చూసి షిఫ్ట్ అంచనా వేసే చిన్న ఫంక్షన్ రాశాను. కొసైన్ వంపుకు సరిపెట్టడమే, మిల్లీమీటరు అటూ ఇటూగా దొరుకుతోంది.

పైకి జరిపే ఫ్రేములు మిగిలాయి. అక్కడ బంధుత్వాలు తారుమారు. రెడ్‌కు పైనా కిందా ఉండేది బ్లూ వరస గ్రీన్, కాబట్టి రెండు గ్రీన్‌ల తేడా గుర్తు తిరగబడుతుంది. అంతవరకు చిక్కు లేదు, స్క్రిప్ట్‌లో జతలు మారిస్తే సరి. చిక్కు మూలల దగ్గర. పక్కకూ పైకీ ఒకేసారి జరిపితే కిరణం ఐమూలగా వాలుతుంది. రెడ్ రెండు గ్రీన్‌లలోకీ దాదాపు సమానంగా కారుతుంది, వాటి తేడా సున్నాకు దగ్గరవుతుంది. లీకు నిండుగా ఉన్నచోటే నా కొలత ఏమీ లేదని చెబుతుందన్నమాట. అక్కడ తేడాను వదిలేసి, రెడ్ ఫిల్టర్ ఫ్లాట్‌లో గ్రీన్ మొత్తం రెడ్‌తో పోలిస్తే మధ్యకంటే ఎంత పెరిగిందో చూడాలి. దానికి ఐఆర్ ఫిల్టర్ తినేసిన రెడ్‌ను ముందు వేరు చేయాలి. తర్వాతి పని అదే.